ఆకులకు ముహూర్తం

సెప్టెంబరు నెలాఖరుకి న్యూజెర్సీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "పీక్ ఎప్పుడండీ?" ఇండియా నుంచి కొత్తగా దిగినవాడు ఇదేదో స్టాకుల సంగతి కాబోలు అనుకుంటాడు. కాదు, చెట్ల సంగతి. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డు కొండల మీద ఆకులు పచ్చదనం వదిలి పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి. వాటిని చూడాలంటే కొండెక్కాలి. ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కితే కుదరదు, పీక్ నాడే ఎక్కాలి. వారం ముందు వెళ్తే 'ఇంకా రాలేదు', వారం తర్వాత వెళ్తే 'అయిపోయింది'. నడుమ ఒకే ఒక్క శనివారం ఉంటుంది. హడ్సన్ లోయ సౌందర్యం యావత్తూ ఆ రోజు పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కొండ మీద కొలువుతీరి మనకోసం ఎదురు చూస్తుంది. ఇదీ నమ్మకం.

నా పేచీ ఆ నమ్మకంతోనే. ఆకులతో లేదు, నదితో అసలే లేదు. ప్రకృతి అంటే ప్రాణమని చెప్పుకుంటూ, ఆ ప్రకృతికి ముహూర్తం పెట్టి, ముహూర్తానికి అది రాకపోతే "ఈ ఏడాది కలర్స్ బాలేవండీ" అని చెట్టుకే మార్కులు తగ్గించే ఈ భక్తి ఏ రకం భక్తో తేలాల్సి ఉంది.

ముందు పంచాంగం సంగతి చూద్దాం. న్యూయార్క్ రాష్ట్ర పర్యాటక శాఖ ఈ ఋతువులో ప్రతి బుధవారం ఆకుల నివేదిక విడుదల చేస్తుంది. రాష్ట్రం నలుమూలలా ఉన్న స్వచ్ఛంద పరిశీలకులు తమ చుట్టుపక్కల ఎంత శాతం రంగు మారిందో, ఆ రంగు ఎంత కళగా ఉందో రాసి పంపుతారు. వాటితో ఒక పటం తయారవుతుంది. 'ఇప్పుడిప్పుడే మారుతోంది' దగ్గర మొదలై, 'సగం దారి', 'నియర్ పీక్', 'పీక్' మీదుగా 'పాస్ట్ పీక్' దాకా మెట్లు. ఆ పరిశీలకులను నేనేమీ అనను. వాళ్ళు బుద్ధిగా చెట్లను చూసి, చూసింది రాస్తారు. వచ్చే వారాంతానికి పరిస్థితి ఇలా ఉండొచ్చని అంచనా చెప్తారు, అంతే. మన చేతికొచ్చేసరికి మాత్రం ఆ అంచనా శాసనమైపోతుంది. 'నియర్ పీక్' వర్జ్యం, 'పీక్' శుభలగ్నం, 'పాస్ట్ పీక్' మూఢం. మూఢంలో కొండెక్కినవాణ్ణి గ్రూపులో పరామర్శిస్తారు: "అయ్యో, ఒక్క వారం ముందు వెళ్ళాల్సింది అన్నా!"

లగ్నం ఒక్కటీ కుదిరితే చాలదు, సెలవు కూడా కలిసిరావాలి. అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే. చాలాచోట్ల పిల్లల బడులకు సెలవు. బతుకమ్మ ఆటలు, దసరా, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, ఇంకెవరి అమ్మాయిదో కూచిపూడి అరంగేట్రం, సంఘాలవాళ్ళ దీపావళి వేడుకలు అన్నీ పోగా మిగిలే వారాంతం అదొక్కటే. కాబట్టి ఆకులన్నీ ఆ మూడు రోజుల్లోనే ఎర్రబడాలని మనవాళ్ళు ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఈ తీర్మానం నకలు చెట్లకు అందినట్టు లేదు. అవి పాత పద్ధతినే పట్టుకుని ఉన్నాయి. రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, ఎత్తు నుంచి పల్లానికి దిగుతుంది. కెనడా వైపున్న అడిరాండాక్ కొండల్లో సెప్టెంబరు చివరికే మొదలై అక్టోబరు మొదట్లో పండిపోతుంది. క్యాట్‌స్కిల్స్‌కి ఆ తర్వాత వస్తుంది. నగరానికి దగ్గరగా ఉండే బేర్ మౌంటెన్, కోల్డ్ స్ప్రింగ్ కొండలకు అక్టోబరు చివరి రోజులకు గానీ చేరదు. సాక్షాత్తూ న్యూయార్క్ నగరంలోని పార్కులకైతే నవంబరే. అంటే కొలంబస్ వారాంతంలో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అరవై డెబ్భై మైళ్ళు కారు నడిపి బేర్ మౌంటెన్ చేరే కుటుంబాలు చూసేది చాలావరకు పచ్చని అడవినే. ఆ పచ్చదనం ఎడిసన్‌లోనూ ఉంది, టోల్ లేకుండా.

అయినా ఎవరూ ఉత్త చేతులతో తిరిగిరారు. దారి పక్కన ఎక్కడో ఒక మేపుల్ చెట్టు తొందరపడి ఎర్రబడి ఉంటుంది. దాని ముందు కుటుంబాలు వరస కడతాయి. అందరికన్నా ముందు ఎర్రబడిన చెట్టుకు తరచుగా ఒంట్లో బాగుండదు. వేళ్ళు దెబ్బతినో, నీరు చాలకో, దారి మీద చల్లిన ఉప్పు తగిలో అది ముందే సర్దుకుంటుంది. ఆ రోగిష్టి చెట్టును కౌగిలించుకుని ఫొటో దిగి 'ఫుల్ పీక్' అని పెడతాం. కొదవపడిన ఎరుపును ఫోన్ సర్దుతుంది.

ఆకు లోపల జరిగే పని తెలిస్తే ఈ ముహూర్తం ఎంత డొల్లో అర్థమవుతుంది. పగళ్ళు కురచ కావడం మొదలవగానే చెట్టు తన ఆకుల్లోని పత్రహరితాన్ని విడగొట్టి, అందులోని నత్రజని వంటి విలువైన సరుకును కొమ్మల్లోకీ వేళ్ళలోకీ వెనక్కి లాక్కుంటుంది. పచ్చరంగు పలచబడేసరికి వసంతం నుంచీ దాని చాటున ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా దాగి ఉన్నది కాదు. మేపుల్, సుమాక్, డాగ్‌వుడ్ వంటివి ఆకులో చిక్కుకున్న చక్కెరలతో ఆంథోసయనిన్ అనే రంగును ఆ చివరి రోజుల్లో కొత్తగా తయారు చేసుకుంటాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు చిక్కగా వస్తుంది. మబ్బులు కమ్మినా, వేసవిలో వానలు మొహం చాటేసినా పలచబడుతుంది. ఈలోగా తొడిమ మొదట్లో ఒక పొర ఏర్పడి ఆకును కొమ్మ నుంచి విడదీస్తూ ఉంటుంది. గురువారం రాత్రి ఒక్క గాలివాన వచ్చిందంటే, బుధవారం నివేదికలోని శుభలగ్నం శుక్రవారం పొద్దునకు నేల మీద ఉంటుంది.

అన్ని చెట్లూ ఒకేసారి మారవు కూడా. చిత్తడి నేలల్లోని ఎర్ర మేపుల్, బ్లాక్ గమ్ ముందు మారతాయి. హికరీలు బంగారంలా పసుపెక్కేది తర్వాత. ఓక్ చెట్లు అందరూ అయిపోయాక నింపాదిగా ముదురు ఎరుపుకీ గోధుమ రంగుకీ తిరుగుతాయి. బీచ్ చెట్టు తన ఆకుల్లో చాలావాటిని ఎండిపోయినా వదలదు, శీతాకాలమంతా పట్టుకునే ఉంటుంది. సెప్టెంబరులో మొదలై నవంబరు సగం దాటేదాకా సాగే ఊరేగింపు ఇది. 'పీక్' అనేది ఆ ఊరేగింపు మధ్యలో ఎవరో తీసిన సగటు. ఒక సగటును చూడ్డానికి వేలమంది ఒకే రోజున బయల్దేరడం వింతే.

అందరికన్నా ముందు, అందరికన్నా అందంగా ఎర్రబడేవాటిలో పాయిజన్ ఐవీ తీగ ఒకటి. మూడేసి ఆకులు, తళతళలాడే ఎరుపు. "ఎంత బావుందో చూడవే" అని అమ్మాయి జడలో తురిమితే మర్నాటికి మెడంతా దద్దుర్లు. రాలిన ఆకుల గుట్ట మీద పిల్లల్ని దొర్లించి వీడియో తీసేవాళ్ళకు తెలియనిది మరొకటి ఉంది. లైమ్ జబ్బును మోసే పిడుదుల్లో ఎదిగినవి అన్నిటికన్నా చురుగ్గా తిరిగేది అక్టోబరు, నవంబరుల్లోనే. అవి ఉండేదీ ఆ ఆకుల్లోనే, ఆ గడ్డిలోనే. వాటికి నివేదికా లేదు, పటమూ లేదు. అయినా ప్రతి ఏడూ పీక్‌కి సరిగ్గా హాజరవుతాయి.

ఇక యాత్ర. పాలిసేడ్స్ పార్క్‌వే మీద బేర్ మౌంటెన్ సర్కిల్‌కి చాలా ముందే కార్లు ఆగిపోతాయి. గంటసేపు ముందు కారు వెనక లైట్ల ఎరుపును చూస్తూ కూర్చుంటాం. ఆ రోజు చూసే ఎరుపులో నికరమైనది అదే. ఆ తర్వాత పార్కింగ్. ఆ తర్వాత మరుగుదొడ్డి ముందు వరస. ఆ తర్వాత చెట్టు కింద దుప్పటి పరిచి, ఫాయిల్ విప్పి పులిహోర. పులిహోరను నేనేమీ అనను, ఆ రోజంతటిలో అనుకున్నట్టు కుదిరేది అదొక్కటే. తిన్నాక కొండెక్కాలి కదా? అక్కర్లేదు. సుమారు 1,290 అడుగుల ఆ కొండ శిఖరానికి పెర్కిన్స్ మెమోరియల్ డ్రైవ్ అని చక్కటి తారు రోడ్డుంది. కారులో పైకెళ్ళి, రాతి బురుజు ముందు నిలబడి, ఫొటో దిగి, కారులోనే దిగి, సాయంత్రానికి 'ఫ్యామిలీ హైక్' అని పెట్టొచ్చు. అపలేచియన్ ట్రైల్‌లో మొట్టమొదట తెరిచిన భాగం 1923లో ఇక్కడిదే. మెయిన్ నుంచి జార్జియా దాకా నెలల తరబడి నడిచేవాళ్ళు బరువైన సంచులతో మన లంగావోణీల ఫొటోషూట్ మధ్యనుంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ పోతారు. వాళ్ళు ఫ్రేములోకి వచ్చారని మనం విసుక్కుంటాం.

సాహసవంతులది ఇంకో దారి. గ్రాండ్ సెంట్రల్‌లో మెట్రో నార్త్ రైలెక్కి, ఎడమవైపు కిటికీ పట్టుకుని గంటంబావులో కోల్డ్ స్ప్రింగ్‌లో దిగడం. దగ్గరే బ్రేక్‌నెక్ రిడ్జ్ ఉంది. కాళ్ళతో పాటు చేతులూ వాడి రాళ్ళ మీద పాకాల్సిన దారి. 2025 ఏప్రిల్‌లో దాన్ని మూశారు. రైలు పట్టాల మీదుగా నడకవంతెన, కొత్త దారి కట్టడానికి రెండేళ్ళు పడుతుందన్నారు. దాంతో జనం బుల్ హిల్ మీదికీ, నది దిగువన ఉన్న ఆంథొనీస్ నోస్ మీదికీ మళ్ళారు. తెల్ల స్నీకర్లు వేసుకుని, చేతిలో పంప్కిన్ స్పైస్ లాటేతో, అరలీటరు నీళ్ళ సీసా నలుగురూ పంచుకుంటూ, ముప్పావు గంటలో దిగొచ్చేద్దామని ఎక్కేవాళ్ళను ఆ దారుల్లో చూడొచ్చు. దిగేటప్పుడు ఆ ముఖాల్లో కనిపించేది కూడా ఒక రకం ఫాల్ కలరే.

ఇంత తంటా దేనికయ్యా అంటే రుజువు కోసం. ఈ లోయలో రుజువు కథ కొత్తది కాదు. జాస్పర్ క్రాప్సీ అనే అమెరికన్ చిత్రకారుడు 1860లో లండన్‌లో ఉంటూ హడ్సన్ ఒడ్డు శరత్తును తొమ్మిదడుగుల వెడల్పు బట్ట మీద వేశాడు. లండన్ జనం చూసి నమ్మలేదు. ఆకులు ఇంత ఎర్రగా ఉంటాయా, ఇదంతా కుంచె చేసిన గారడీ అన్నారు. పాపం ఆ పెద్దమనిషి అమెరికా నుంచి వచ్చిన అసలు ఆకులను చిత్రం పక్కన ప్రదర్శనకు పెట్టాల్సి వచ్చింది. 'నో ఫిల్టర్' అని లోకానికి మొదట చాటుకున్నది ఆయనే అయ్యుండాలి. ఆయన పడ్డ పాటు ఆకు నిజమని నిరూపించడానికి. మన పాటు వేరు. ఆకు నిజమేనని అందరికీ తెలుసు, మనం అక్కడికి వెళ్ళామనేదే నిరూపణ కావాలి. అందుకే ఫొటోలో మనం పెద్దగా ఉంటాం, కొండ మన భుజం వెనక చిన్నగా ఉంటుంది, నది తెగిపోతుంది.

నది తెగిపోవడం దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. హడ్సన్ ఆషామాషీ నది కాదు. సముద్రపు ఆటుపోట్లు నగరం నుంచి దాదాపు 150 మైళ్ళ పైనున్న ట్రాయ్ ఆనకట్ట దాకా పాకుతాయి. పోటు వచ్చినప్పుడు ఆ నది వెనక్కి, ఎగువకు నడుస్తుంది. రోజుకు రెండుసార్లు ఈ వింత జరుగుతుంటే, ఒడ్డున నిలబడిన వేలమంది దానికి వీపు పెట్టి ఫోన్‌కేసి నవ్వుతుంటారు. వెస్ట్ పాయింట్ దగ్గర ఆ నీళ్ళు సుమారు రెండొందల అడుగుల లోతు. పైన హడ్సన్ ఫాల్స్, ఫోర్ట్ ఎడ్వర్డ్‌ల దగ్గర జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాలు 1947 నుంచి 1977 దాకా పీసీబీలనే విషరసాయనాలను నదిలోకి వదిలాయి. 1984లో దాదాపు రెండొందల మైళ్ళ నదిని, విషం పేరుకున్న చోట్లను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ జాబితాకు ఎక్కించారు. 2009 నుంచి 2015 దాకా అడుగు బురద తవ్వి తీశారు. ఇప్పటికీ ఆ నది చేపలు ఎవరు తినొచ్చో, ఎన్ని తినొచ్చో, ఎవరు అసలే తినకూడదో ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఉన్నాయి. ఒడ్డున ఆకులు ఏ రంగులో ఉన్నాయో శాతాలతో సహా తెలిసిన మనకు, నీళ్ళలో ఏముందో తెలియదు. అది పటంలో లేదు మరి.

అడవి సంగతీ అంతే. "ఆదిమకాలపు అడవి, తాకని ప్రకృతి" అని రాస్తారు. ఈ కొండల మీది చెట్లను ఇనుప కొలుముల బొగ్గు కోసం నరికి పారేశారు. కోల్డ్ స్ప్రింగ్‌లో ఇప్పుడు ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే చోట 1818లో మొదలైన వెస్ట్ పాయింట్ ఫౌండ్రీ అమెరికా అంతర్యుద్ధానికి ఫిరంగులు పోసింది. ఒకప్పుడు ఈ అడవుల్లో విరివిగా ఉండిన అమెరికన్ చెస్ట్‌నట్ ఇప్పుడు పైకెదగదు. 1904లో బ్రాంక్స్ జూలో బయటపడిన తెగులు దాన్ని తుడిచిపెట్టింది. అంటే మనం పీక్ పీక్ అని కొలుస్తున్న ఈ రంగు, ఒక పెద్ద రంగు పోయాక మిగిలినది.

మిగిలినదైనా ఊరికే మిగల్లేదు. బేర్ మౌంటెన్ మీద రాష్ట్రం జైలు కట్టబోయింది. పని కూడా మొదలైంది. 1910లో మేరీ హారిమన్ పదివేల ఎకరాలు, పది లక్షల డాలర్లు ఇచ్చి, జైలు మాట మానుకుంటేనే అని షరతు పెడితే అది పార్కయింది. నది మీద స్టార్మ్ కింగ్ అనే కొండను తొలిచి విద్యుత్ కేంద్రం కడతామని కాన్ ఎడిసన్ అనే కరెంటు కంపెనీ 1962లో ప్రకటించింది. చుట్టుపక్కల జనం కోర్టుకెక్కారు. ఒక కొండ అందాన్ని కాపాడమని అడగడానికి కూడా పౌరులకు హక్కుందని 1965లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది. అమెరికా పర్యావరణ చట్టాల చరిత్రలో మైలురాయి అది. పోరాటం 1980లో రాజీతో ముగిసింది, కొండ నిలిచింది. ఒక దృశ్యం కోసం మనుషులు పద్దెనిమిదేళ్ళు పోరాడిన చోట నిలబడి, పద్దెనిమిది సెకన్ల రీలు తీసుకుని, "పార్కింగ్‌కి పది డాలర్లేంటండీ, దోపిడీ" అని గొణుక్కుంటూ పోతాం.

ఆ ఊళ్ళ గోడు కూడా కాస్త వినాలి. కోల్డ్ స్ప్రింగ్ జనాభా రెండువేలకు అటూఇటూ. అక్టోబరు శనివారం ఒక్కో రైలు ఊరి మీద జనాన్ని గుమ్మరించి పోతుంటే ఆ ఊరివాళ్ళు తమ వీధిలో తాము నడవడానికి దారి అడగాల్సొస్తోంది. అక్కడి నుంచి బీకన్ దాకా నది వెంట ఏడున్నర మైళ్ళ ఫ్యోర్డ్ ట్రైల్ వేస్తామంటే, దానివల్ల రద్దీ సర్దుకుంటుందని కొందరు, ఇంకా పెరుగుతుందని కొందరు ఏళ్ళ తరబడి కొట్లాడుకుంటున్నారు. వెర్మాంట్‌లో పామ్‌ఫ్రెట్ అనే పల్లె మరీ విసిగిపోయింది. అక్కడి ఒక పొలం ఫొటో సామాజిక మాధ్యమాల్లో ప్రసిద్ధమై, జనం పరాయి ఇంటి గేటు దాటి లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుంటూ ఫొటోలు దిగుతుంటే, 2023 శరత్తులో ఆ దారినే బయటివాళ్ళకు మూసేశారు. ఆకు చూడ్డానికి వచ్చినవాళ్ళ వల్ల రోడ్డు మూసుకోవాల్సి వచ్చిన ఊళ్ళో, ఆకుకైనా సిగ్గేసి ఎర్రబడాలి.

ఇప్పుడు అసలు ముచ్చట. గుంటూరు నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన తల్లిని కొడుకు బేర్ మౌంటెన్ తీసుకెళ్తాడు. రెండు గంటల ట్రాఫిక్ తర్వాత దిగి, "చూడమ్మా, ఎంత బావుందో" అంటాడు. ఆవిడ చూస్తుంది. బాగానే ఉందంటుంది. ఆ తర్వాత సంభాషణ ఇలా నడుస్తుంది:

"మనింటి ముందు చెట్టు కూడా ఇట్టాగే ఉందిగా నాయనా?"

"అది వేరమ్మా."

"అదే చెట్టు కదా? ఇట్టాగే అయిదు కొమ్ముల ఆకు. నిన్న నువ్వు మనిషిని పిలిపించి, చెవులు చిల్లులు పడేట్టు ఊదించి, ఆ ఆకులన్నీ రోడ్డు మీదికి తోయించావు."

"లాన్ పాడవుతుందమ్మా. పక్కవాళ్ళేమన్నా అనుకుంటారు."

"మరి ఇక్కడెవరూ ఊదించలేదే. వీళ్ళ పక్కవాళ్ళేం అనుకోవట్లేదా?"

దీనికి కొడుకు దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు. ఆవిడ పెరట్లో బాదం చెట్టు ఉంది. దాని ఆకులు కూడా రాలేముందు ఎర్రగా పండుతాయి. ఆవిడ వాటిని ఊడ్చి కుప్ప పోసింది గానీ, అరవై మైళ్ళవతల ఇంకో బాదం చెట్టు చూడ్డానికి బస్సెక్కలేదు. ఇక్కడ మనం చేసే ఘనకార్యం చూడండి. శుక్రవారం బ్లోయర్ మోగుతుంది. మన మేపుల్ రాల్చిన ఎర్రటి ఆకులను పెట్రోలు తగలబెట్టి ఊదించి, గోధుమరంగు కాగితపు సంచుల్లో కూరించి, టౌన్‌షిప్ లారీకి అప్పజెప్తాం. శనివారం మళ్ళీ పెట్రోలు తగలబెట్టి, ఇంకో మేపుల్ రాల్చిన అవే ఆకులను చూసి "వావ్" అనడానికి వెళ్తాం. ఆ సంచుల్లో ఆకులతో పాటు వాటి కింద చలికాలం గడపాల్సిన సీతాకోక ప్యూపాలు, మిణుగురు పిల్లలు కూడా పోతాయి. వేసవిలో "ఈ మధ్య మిణుగురులే కనబడట్లేదండీ" అని అదే గ్రూపులో బాధపడతాం. మన గడప ముందు రాలితే చెత్త, టోల్ కట్టి చూస్తే ప్రకృతి.

"ఏడాదంతా స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్ళం, ఒక్క రోజు కాస్త రంగు చూసుకోనివ్వరా?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్న. చూసుకోండి, ఎవరొద్దన్నారు? నేనంటున్నదల్లా ఆ 'ఒక్క రోజు' తీసేయమని. జార్జి వాషింగ్టన్ వంతెన న్యూజెర్సీ కొస దగ్గరే పాలిసేడ్స్ కొండగోడ ఉంది. కింద నది అంచునే మైళ్ళకు మైళ్ళు నడకదారి. ఆఫీసు అయ్యాక కూడా ఓ గంట నడిచిరావచ్చు. మన నల్లమలలో మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది, మోదుగలు పూస్తాయి. శివరాత్రికి వెంకటాపురం నుంచి పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచేవాళ్ళు ఆ అడవిలోంచే పోతారు. వాళ్ళు పోయేది మల్లన్న కోసం. మోదుగ ఎరుపు దారిలో ఉచితంగా దొరుకుతుంది. వాళ్ళు పారేసే ప్లాస్టిక్ మీద వేరే వ్యాసం రాయాల్సిందే, కాదనను. కానీ "ఈ శివరాత్రికి మోదుగ నియర్ పీకా?" అని అడిగి, కాదంటే ప్రయాణం మానుకున్నవాడు మాత్రం లేడు. నడవడానికి వెళ్ళినవాడికి చెట్టు బాకీ ఉండదు.

నిజానికి ఆ పటంలో అందరూ భయపడే 'పాస్ట్ పీక్' లోనే అసలు లాభం ఉంది. ఆకులున్నన్నాళ్ళూ ఈ దారుల్లో చాలాచోట్ల నది కనబడదు, కొమ్మలు అడ్డం. నవంబరు మూడో వారానికి తెర తొలుగుతుంది. ఇన్నాళ్ళూ శిఖరం మీద మాత్రమే దొరికిన దృశ్యం సగం దారిలోంచే దొరుకుతుంది. కొండ ఆకారం, రాళ్ళ పొరలు, అవతలి ఒడ్డున రైలు, పోటుకి ఎదురెక్కే నీళ్ళు అన్నీ తేటగా కనిపిస్తాయి. పార్కింగ్ దొరుకుతుంది. మరుగుదొడ్డి ముందు ఎవరూ ఉండరు. ఓక్ ఆకులు ఇంకా ఉంటాయి, బీచ్ ఆకులు సరేసరి. ఒక్కటే లోటు, ఫొటోలో మన వెనక ఎరుపు ఉండదు.

ఆ లోటు భరించలేనివాళ్ళు ఇంట్లోనే ఉండి, బ్లోయర్ మనిషిని రావద్దని చెప్పి, ఓ చీపురు పట్టుకుని తమ మేపుల్ కింద తామే ఊడ్చుకోవచ్చు. నివేదిక అక్కర్లేదు, టోలు లేదు, పైగా అది నిఖార్సైన వ్యాయామం. గ్రూపులో 'హైక్' అని పెట్టుకున్నా నేను కాదనను. పెర్కిన్స్ డ్రైవ్ మీద కారెక్కిన దానికన్నా అందులోనే అడుగులెక్కువ పడతాయి.